చేతిలోని తెర – చిన్నవారి మనస్సు



కుటుంబ సందర్శనమునకు ఏ వీధికి వెళ్ళినా ఈ మధ్య ఒకటే మాట వినవస్తున్నది. "ఫాదర్ గారూ, మావాడికి మీరైనా చెప్పండి, సెల్లు చేతిలో పెట్టందే ముద్ద దిగడం లేదండి" అని ఒక తల్లి. "పదో తరగతి పిల్లండి, అర్ధరాత్రి లేచి చూస్తే దుప్పట్లో వెలుగు కనబడుతుందండి" అని ఒక తండ్రి. చెప్పమని అడుగుట సులభమే. ఏమి చెప్పవలెనన్నదే ప్రశ్న. ఫోను సాతాను సాధనమని గుడిలో గట్టిగా ఒక ప్రసంగము చేయవచ్చును. కాని ఆ ప్రసంగమును కూడా ఎవరో ఒకరు సెల్లులో తీసి యూట్యూబులో పెడతారు, మనమందరము ఇంటికి వెళ్ళి దానిని ఫోనులోనే చూస్తాము.

కనుక ఈ వారము తిట్టుట మాని కొంచెము ఆలోచిద్దాము. తెర పిల్లల మనస్సును నిజముగా ఏమి చేస్తున్నది? తెలిసినదెంత? మన ఆకివీడు ప్రాంతపు ఇండ్లలో మనము చేయగలిగినదేమి?

ముందుగా ఒక సంగతి గుర్తుచేసుకొనవలెను. మన రాష్ట్రపు పల్లెలకు తెర మొదట పాఠము చెప్పుటకే వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు 'సైట్' అను పేర ఒక ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టి.వి. కార్యక్రమములు చేరినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము పెద్దలకు. ఊరంతటికి ఒకటే పెట్టె. తరువాత దూరదర్శన్ ఇండ్లలోనికి వచ్చినప్పుడు కూడా వీధికి ఒకటో రెండో టి.వి.లు ఉండేవి. ఆ ఇంటి అరుగు మీద పదిమంది కూర్చుండి చూసేవారు. పిల్లవాడు ఏమి చూస్తున్నాడో పెద్దలకు తెలిసేది. పైగా రాత్రి ఒక వేళకు ప్రసారము ఆగిపోయేది. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని తెర తానే "ఇక చాలు, పడుకోండి" అని చెప్పిన కాలము అది.

ఇప్పటి తెర ఆ మాట ఎన్నడూ చెప్పదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా ధర పడిపోయి, చేపల సంచి మోసే కూలీ చేతిలోనికి కూడా సినిమా వచ్చినది. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతబడినప్పుడు పాఠములు ఫోనులోనికి, దూరదర్శన్ సప్తగిరి ఛానెలులోనికి మారినవి. ఫోను కొనలేని తల్లి అప్పుచేసి కొన్నది, "ఆన్‌లైన్ క్లాసు" కదా అని. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులు పంచుట ఆరంభించినది. కాబట్టి "పిల్లలు చెడి ఫోను పట్టుకున్నారు" అనుట న్యాయము కాదు. ఫోనును వారి చేతిలో పెట్టినది మనము, మన బడి, మన ప్రభుత్వము. అవసరమై పెట్టినాము. బడులు తిరిగి తెరిచిన తరువాత తిరిగి తీసుకొనలేకపోయినాము.

పల్లెటూరి పిల్లల చదువును పరిశీలించే 'అసర్' సర్వే 2024 నివేదికలో 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మందికి పైగా స్మార్ట్‌ఫోను వాడుట తెలిసినవారే. సర్వేకు ముందు వారములో దానిని చదువు పనికి వాడినవారు నూటికి 57 మంది. సోషల్ మీడియాకు వాడినవారు 76 మంది. ఇవి దేశమంతటి పల్లెల లెక్కలు. మన ఊరి లెక్క ఇంతకంటే చాలా వేరుగా ఉండునని నేను అనుకొనను.

గాలము – చేప

కొల్లేటి వాళ్ళకు గాలము గురించి నేను చెప్పనక్కరలేదు. వేసిన ప్రతిసారీ చేప పడితే మనిషి బుట్ట నింపుకొని గంటలో ఇంటికి వెళతాడు. ఎన్నడూ పడకపోతే అరగంటలో లేచిపోతాడు. ఎప్పుడు పడునో తెలియనప్పుడే పొద్దుగూకేవరకు గట్టు మీద కూర్చుంటాడు. "ఇంకొక్కసారి" అనుకుంటూ ఉంటాడు.

అమెరికాలో స్కిన్నర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త పావురములతో ఈ సంగతినే నిరూపించినాడు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ వచ్చే పావురము కంటే, ఎప్పుడు వచ్చునో తెలియని పావురము విడువకుండా పొడుస్తూనే ఉన్నది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఈ సూత్రము మీదనే నడుస్తున్నవి. నాలుగు వీడియోలు చప్పగా ఉంటాయి, అయిదవది కడుపుబ్బ నవ్విస్తుంది. ఆ అయిదవ దాని కొరకు బొటనవ్రేలు ఆగదు. ఒకప్పుడు కంప్యూటరులో పేజీ చివరకు వస్తే అక్కడ ఆగి, తరువాతి పేజీ నొక్కవలసి ఉండేది. 2006లో అజా రాస్కిన్ అను ఇంజనీరు చివర అనేది లేకుండా క్రిందికి జారుతూనే ఉండే పద్ధతిని రూపొందించినాడు. తరువాత తానే దాని గురించి బహిరంగముగా విచారము వెలిబుచ్చినాడు. గాలము చేసినవాడే జాలిపడుతున్నాడంటే చేప సంగతి ఆలోచించండి.

పెద్దవాడు ఈ గాలము నుండి విడిపించుకొనుటకే తంటాలు పడుతున్నాడు. పిల్లవానికి ఇంకా కష్టము. మన మెదడులో ముందుభాగము, అనగా "ఇక చాలు" అని చెప్పే భాగము, పూర్తిగా ఎదుగుటకు ఇరువది ఏండ్లు దాటి ఇంకా కొన్నేండ్లు పడుతుంది. పదమూడేండ్ల పిల్లవానికి కోరిక ఇంజను సిద్ధముగా ఉన్నది, బ్రేకు ఇంకా బిగించలేదు. అందుచేత "వీడికి బుద్ధి లేదు" అని వాతలు పెట్టుట కంటే బ్రేకు మనము కొంతకాలము పట్టుకొని ఉండుట మేలు.

నిద్ర, పోలిక

తెర చేసే నష్టములలో అందరికంటె ముందు చెప్పవలసినది నిద్ర గురించి. ఇది పెద్దగా వివాదము లేని సంగతి. చీకటి పడగానే మన శరీరములో మెలటోనిన్ అను రసము ఊరి నిద్రకు పిలుస్తుంది. కంటి ముందు వెలుగు ఉంటే అది ఆలస్యమవుతుంది. యౌవన ప్రాయములో ఈ గడియారము సహజముగానే కొంత వెనక్కు జరిగి ఉంటుంది. దానికి ఫోను తోడయితే ఒంటిగంట, రెండు. మరల ఉదయము ట్యూషను. అమెరికా నిద్రావైద్య నిపుణుల సంఘము 2016లో చెప్పినదేమనగా 6–12 ఏండ్ల వారికి 9 నుండి 12 గంటలు, 13–18 ఏండ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావలెను. అయిదు గంటలు పడుకున్న పిల్ల మరునాడు విసుక్కుంటుంది, ఏడుస్తుంది, పాఠము ఎక్కదు, తాను పనికిరానిదానినని అనుకుంటుంది. ఇది నెలల తరబడి సాగితే దిగులు జబ్బుకు దారి వేసినట్లే. అప్పుడు మనము "దయ్యము పట్టిందేమో, చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి ఫాదర్" అని తీసుకువస్తాము. ప్రార్థన తప్పక చేస్తాను. కాని ముందు ఎన్ని గంటలకు పడుకుంటున్నదో అడుగుతాను.

రెండవది పోలిక. ఇది ముఖ్యముగా ఆడపిల్లల సంగతి. వెనుక మన పిల్ల తనను పోల్చుకొనుటకు వీధిలో నలుగురు, తరగతిలో నలభై మంది. ఇప్పుడు లోకములోని అందగత్తెలందరూ, అదికూడా రంగులు దిద్దిన ముఖములతో, ఆమె అరచేతిలో ఉన్నారు. 2021లో ఫ్రాన్సెస్ హౌగెన్ అను ఉద్యోగిని ఫేస్‌బుక్ సంస్థ లోపలి కాగితములను బయటపెట్టినప్పుడు తేలినదేమనగా, తమ శరీరము గురించి బాధపడే అమ్మాయిలలో ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచుతున్నదని ఆ సంస్థ సొంత పరిశోధనయే చెప్పినది. మగపిల్లలు ఎక్కువగా ఆటలలో పడుతున్నారు. పబ్‌జీని 2020 సెప్టెంబరులో ప్రభుత్వము నిషేధించినది. పిల్లలు వేరొక ఆటకు మారినారు, అంతే.

మరి నిరూపణ అయినదా?

తత్త్వశాస్త్రము చదివినవాడు అడుగక తప్పని ప్రశ్న ఇది. రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణము కాదు. కోడి కూసినందుకు సూర్యుడు ఉదయించలేదు. 2023 మే నెలలో అమెరికా సర్జన్ జనరల్, రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు దిగులు, ఆందోళన లక్షణముల ప్రమాదము రెట్టింపని హెచ్చరించినారు. కాని 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లక్షల మంది పిల్లల లెక్కలు తీసి చూస్తే, పిల్లల క్షేమములోని హెచ్చుతగ్గులలో తెరకు ముడిపడినది నూటికి 0.4 వంతుకు మించలేదు. ఇద్దరూ చదువుకున్నవారే. ఎవరిని నమ్మవలెను?

నా అభిప్రాయము చెబుతాను. రెండూ నమ్మవచ్చును. సగటు లెక్కలో అందరు పిల్లలూ కలిసిపోతారు. గంటసేపు పాఠము చూసిన పిల్ల, ఆరు గంటలు ఒంటరిగా రీల్స్ చూసిన పిల్ల, చెల్లెలితో కలిసి పాట నేర్చుకున్న పిల్ల, అందరినీ ఒకే బుట్టలో వేసి తూచితే తూకము తేలికగానే వస్తుంది. రెండవది, ముందే దిగులుగా ఉన్న పిల్లవాడే ఫోనులోనికి పోవుట కూడా నిజము. ఇంట్లో రోజూ త్రాగుడు, తగవు. వాడు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని గోడవైపు తిరిగినాడు. అక్కడ ఫోను జబ్బు కాదు, వాడు వెదుక్కున్న మందు. మందు మంచిది కాదు, నిజమే. కాని ఫోను లాక్కొని త్రాగుడును అలాగే ఉంచితే వైద్యము జరిగినట్లా? కాబట్టి "ఎన్ని గంటలు?" అని ఒక్కటే అడుగవద్దు. ఏమి చూస్తున్నాడు, ఎవరితో చూస్తున్నాడు, అది చూడకపోతే ఆ వేళ ఏమి చేసేవాడు అని కూడా అడగండి. నిద్రపోయేవాడా? బంతి ఆడేవాడా? లేక ఏడ్చేవాడా?

అమ్మ ఉన్న ఫోను

ఇక్కడ మన ప్రాంతపు సొంత కష్టమొకటి ఉన్నది. పట్నపు నిపుణులు వ్రాసే సలహాలలో ఇది కనబడదు. మన గోదావరి జిల్లాల నుండి కువైటుకు, మస్కటుకు, దుబాయికి ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎందరో మీకు తెలుసు. ఆ ఇండ్లలో పిల్లలు మామ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆ పిల్లకు ఫోను ఆట వస్తువు కాదు. అమ్మ ముఖము కనబడే ఒకే ఒక చోటు అది. కువైటుకు మనకు రెండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు యజమానురాలి ఇంటిపని ముగిసి ఆమె ఫోను తీసేసరికి ఇక్కడ పన్నెండు. పిల్ల మేలుకొని ఉంటుంది. మాట్లాడి ఫోను పెట్టినాక నిద్ర రాదు. అమ్మ కనబడి మాయమైతే ఎవరికి వస్తుంది? అప్పుడు ఆ వేలు రీల్స్ మీదకు పోతుంది, తెల్లవారుజాము మూడు వరకు.

ఈ ఇంటికి వెళ్ళి "తొమ్మిదికి ఫోను కట్టేయండి" అని చెప్పుట క్రూరత్వము. భారతీయ శిశువైద్యుల సంఘము కూడా రెండేండ్లలోపు పిల్లలకు తెర వద్దన్న చోటనే, దూరపు బంధువులతో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడుటకు మినహాయింపు ఇచ్చినది. తెర అవతల ప్రాణమున్న మనిషి, పిలిస్తే పలికే మనిషి ఉన్నప్పుడు సంగతి వేరు.

అయినను చేయవలసినది లేకపోలేదు. గల్ఫులో ఉన్న అమ్మలారా, ఈ పత్రిక పేజీని ఎవరైనా మీకు వాట్సాప్‌లో పంపితే ఇది మీకే చెబుతున్నాను. మీకు మధ్యాహ్నము కొంత విరామము దొరికితే అదే పిలుపు వేళగా పెట్టుకోండి. కువైటులో రెండున్నర మాకు సాయంత్రము అయిదు, పిల్లలు బడి నుండి వచ్చి ఉంటారు. రోజూ కుదరకపోతే వారమునకు మూడు రోజులు, కాని ఆ రోజు, ఆ వేళ తప్పకుండా. ఎప్పుడు వచ్చునో తెలియని పిలుపు కొరకు పిల్ల రోజంతా ఫోను పట్టుకొని కూర్చుంటుంది. వేళ తెలిస్తే ఆ వేళ వరకు ఆడుకుంటుంది. మరొకటి, మీరు లేని లోటు తీర్చుటకు పదివేల ఫోను పంపవద్దు. ఆ లోటు దానితో తీరదు. మామ్మగారి ఫోనులోనే మాట్లాడించండి. మాట అయిపోగానే అది మామ్మగారి బొడ్డులోకో, అలమర పైకో వెళ్ళిపోవలెను.

ఇంట్లో చేయవలసినవి

వయస్సును బట్టి కొలత వేరు. రెండేండ్లలోపు వారికి పై మినహాయింపు తప్ప తెర వద్దు. రెండు నుండి అయిదేండ్ల వరకు రోజుకు గంటకు మించరాదు. 2019 ఏప్రిలులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అయిదేండ్లలోపు వారి గురించి దాదాపు ఇదే చెప్పినది. అయిదు నుండి పదేండ్ల వారికి రెండు గంటలలోపే. అన్నము తినిపించుటకు ఫోను చూపించుట మానండి. ఆకలి తీరినదో లేదో పిల్లవానికే తెలియకుండా పోతున్నది. మూడు నాలుగు రోజులు ఏడుస్తాడు, సగమే తింటాడు. ఏ పిల్లవాడూ ఆకలి వేసినాక అన్నము మీద అలిగి ఎక్కువ కాలము ఉండడు.

పెద్దపిల్లలకు గంటల లెక్క కంటే చోటు, వేళ ముఖ్యము. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లోని ఫోనులన్నీ ఒకే చోట, వంటగది గూటిలో, చార్జింగుకు. "అన్నీ" అన్నాను. నాన్నగారిది కూడా. రొయ్యల చెరువు ఉన్నవారు "రాత్రి కరెంటు పోతే, ఏరియేటర్లు ఆగితే కబురు ఎట్లా?" అంటారు. నిజమే. మోగే ఫోను మోగనీయండి. దానికి బొత్తాముల ఫోను చాలును. తండ్రి మంచము మీద పడుకొని రాజకీయ వీడియోలు చూస్తూ కొడుకును "ఫోను పెట్టరా" అంటే ఆ మాట గోడకు చెప్పినట్లే. అరిస్టాటిలు సుగుణమును అలవాటు అన్నాడు. బోధించినంత మాత్రాన అది రాదు, చేయగా చేయగా వస్తుంది. ఇంట్లో చేసేవాడు ఒక్కడైనా కనబడకపోతే పిల్లవాడు ఎవరిని చూచి చేయగలడు?

ఒక్కసారిగా లాక్కొని పగలగొట్టవద్దు. పదిహేనేండ్లవానికి అందులో స్నేహితులున్నారు, బడి గ్రూపు ఉన్నది. ముందు రోజు చెప్పి, కారణము చెప్పి, కొద్దికొద్దిగా తగ్గించండి. తీసిన వేళలో వేరొకటి పెట్టండి. ఖాళీగా ఉంచితే ఫోనే తిరిగి వస్తుంది. మన గుడి ఆవరణ సాయంత్రము ఖాళీగానే ఉంటుంది. వాలీబాల్ నెట్టు కట్టుకొనవచ్చును. ఏడుపెంకులాట ఆడితే గుడి పెంకులు పగులుతాయని ఉపదేశిగారు కోప్పడతారేమో, ఆ సంగతి నేను చూసుకుంటాను.

యంత్రమును ప్రేమించుట పాపము కాదు. 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అక్యూటిస్ కంప్యూటరు బాగా తెలిసిన కుర్రవాడు, వెబ్‌సైటు తయారుచేసినవాడు. 2006లో పదిహేనేండ్లకే మరణించినాడు. వీడియో ఆటలకు వారమునకు ఒక్క గంట అని తనకు తానే నియమము పెట్టుకున్నాడని అతని తల్లి చెప్పినారు. మీ పిల్లలకు అంతటి నియమము వెంటనే రాదు, నిరాశపడవద్దు. అసలు ఇది క్రొత్త శోధన కూడా కాదు. పునీత అగుస్తీను పదహారు వందల ఏండ్ల క్రితము తన ఆత్మకథలో, ఇంట్లో కూర్చొని ఉండగా బల్లి ఈగలను పట్టుట చూస్తూ తన ధ్యానము చెదిరిపోతున్నదని వ్రాసుకున్నాడు. పునీతునికి గోడ మీద ఒక్క బల్లి చాలినది. మన పిల్లల చేతిలో ఎన్ని కోట్ల బల్లులున్నవో!

ఎప్పుడు భయపడవలెను?

చెరువు రైతులకు ఇది చెప్పుట సులభము. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అది చూడగానే మీరు ఇంటికి వెళ్ళి ఆలోచించరు, వెంటనే ఏరియేటరు వేస్తారు. పిల్లవాడు పైకి తేలిన గుర్తులు ఇవి. ఇష్టమైన ఆట, స్నేహితులు మానేసినాడు. మార్కులు ఒక్కసారి పడిపోయినవి. తిండి, నిద్ర తారుమారైనవి. ఫోను తీస్తే కొట్టుటకు వస్తున్నాడు, లేదా వస్తువులు పగలగొడుతున్నాడు. దొంగతనముగా డబ్బు తీసి ఆటలో వేస్తున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో ఆటల వ్యసనమును జబ్బుల పట్టికలో చేర్చినది, అది 2022 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. ఆట మీద అదుపు పోవుట, మిగిలిన పనులన్నింటికంటె ఆటయే ముఖ్యమగుట, నష్టము జరుగుతున్నా మానలేకపోవుట, ఇవి సాధారణముగా ఏడాదిపాటు కనబడితే అది జబ్బు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుండి ఇటువంటి వారి కొరకే ఒక ప్రత్యేక క్లినిక్ నడుస్తున్నది. అనగా డాక్టర్లు దీనిని చెడునడత అనడము లేదు, వైద్యము చేయదగినదిగా చూస్తున్నారు.

"చచ్చిపోతాను" అన్న మాటను మాత్రము ఏ తల్లీ బెదిరింపని కొట్టిపారవేయరాదు. ఏడాది ఆగవద్దు, మరునాటికి కూడా ఆగవద్దు. పిల్లను ఒంటరిగా వదలవద్దు. 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవ. రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడుతారు, ఖర్చు లేదు. "పిచ్చి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారట" అని ఊరు అనుకుంటుందని జంకవద్దు. కాలు విరిగితే ఏలూరు తీసుకువెళ్ళమా?

డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు ఒక పని చేయండి. వారము రోజులు ఒక నోటుబుక్కులో వ్రాయండి. పిల్ల ఎన్ని గంటలకు పడుకున్నది, ఎన్నింటికి లేచినది, ఏమి తిన్నది, ఫోను ఎంతసేపు పట్టుకున్నది, ఏ మాటకు ఏడ్చినది. పిల్లకు చెప్పి వ్రాయండి, చాటుగా కాదు. వ్రాయుట రానివారు ఆదివారము పూజ తరువాత నన్ను గాని, మఠకన్యలను గాని కలిస్తే కూర్చొని వ్రాసిపెడతాము.